ఎవరి తోటలో ఎవరి డేరా?

అమెరికాలో ఓ ప్రభుత్వ బోర్డు ఉంది. ఏ కొండకి, ఏ వాగుకి, ఏ లోయకి ఏ పేరు ఖాయమో తేల్చడమే దాని పని. 2022 నవంబర్‌లో ఆ బోర్డు గ్రాండ్ కాన్యన్ లోపలున్న ఒక చిన్న చోటుకి పేరు మార్చింది. అనుకూలంగా 19 ఓట్లు, వ్యతిరేకంగా సున్నా. అంతవరకూ ఇండియన్ గార్డెన్‌గా ఉన్న ఆ చోటు హవసుపాయ్ గార్డెన్స్ అయింది.

పేర్లు మార్చడం మనకేం కొత్త కాదు. వీధులు, జిల్లాలు, యూనివర్సిటీలు... ప్రభుత్వం మారినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. అందుకే మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర ఈ కబురు వచ్చినప్పుడు ఉన్న నలుగురు దేశీల్లో ముగ్గురు "ఆహా, ఇక్కడా మొదలైందన్నమాట" అని నవ్వేసి ఊరుకున్నారు. కానీ ఈ పేరు వెనక 94 ఏళ్ళ బాకీ ఒకటుంది. ఆ బాకీ సంగతి చెప్పడానికే ఈ టపా. చెప్తూ చెప్తూ మన నల్లమల దాకా వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మూడు వేల అడుగుల కింద

గ్రాండ్ కాన్యన్ చూడని దేశీ ఉండడు. అయితే మనలో నూటికి తొంభై మంది చూసేది పై అంచు నుంచే. వేగస్ ట్రిప్పులో ఓ పూట, రెయిలింగ్ పట్టుకుని నాలుగు ఫోటోలు, "అబ్బ, ఎంత పెద్దదో" అని ఓ మాట, మళ్ళీ కారు. తప్పేం లేదు. 277 మైళ్ళ పొడవు, ఒక మైలు లోతు ఉన్న గోతిని చూసి ఎవరైనా ఇంకేం అంటారు?

మేం ఉండేది ఫీనిక్స్ దగ్గర. సౌత్ రిమ్‌కి నాలుగు గంటల డ్రైవు. 2023 అక్టోబర్‌లో ఒక వారాంతం నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, సియాటిల్ నుంచి వచ్చిన మా బావమరిది, మొత్తం ఐదుగురం కిందికి దిగి ఓ రాత్రి క్యాంపింగ్ చేసొచ్చాం. లోపల రాత్రి పడుకోవాలంటే పర్మిట్ ఉండాలి. నాలుగు నెలల ముందే అప్లై చేసుకుని, అదృష్టం బాగుంటే దొరకబుచ్చుకోవాలి. మాకు శనివారం రాత్రికి హవసుపాయ్ గార్డెన్స్ క్యాంప్‌గ్రౌండ్ దొరికింది.

దారి పేరు బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్. నాలుగున్నర మైళ్ళు, మూడు వేల అడుగుల దిగుడు. కాన్యన్ గోడలు చాలాచోట్ల నిట్టనిలువుగా ఉంటాయి, మనిషి దిగడానికి సందే దొరకదు. ఇక్కడ మాత్రం భూమిలో ఒక పగులు గోడల్ని విరగ్గొట్టి దారి ఇచ్చింది. మెలికలు తిరుగుతూ దిగుతుంటే కంచర గాడిదల వరసలు ఎదురొస్తాయి, పక్కకి తప్పుకుని వాటికి దారివ్వాలి. దిగడం మీ ఇష్టం, ఎక్కడం మాత్రం తప్పదు అనే అర్థం వచ్చే హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. మా బావమరిది వాటిని చదివినప్పుడల్లా తన రూమ్మేట్ హోమ్‌లోన్‌ని తలుచుకున్నాడు.

మూడో మైలు దాటాక ఎర్ర రాళ్ళ మధ్య ఒక్కసారిగా పచ్చటి మరక కనిపిస్తుంది. దగ్గరికెళితే కాటన్‌వుడ్ చెట్లు, గలగలమని వాగు, నీడ. చుట్టూ ఎడారి, మధ్యలో ఇది. ఊట నీళ్ళు ఏడాది పొడుగునా పారతాయి. టెంటు వేసుకుని, పొయ్యి వెలిగించి, వేయించి తెచ్చుకున్న రవ్వతో ఉప్మా చేసుకున్నాం. అక్కడ ఎలుగుబంట్ల భయం లేదుగానీ ఉడతలతో మహా ప్రమాదం. తిండి సామానంతా అక్కడి ఇనప డబ్బాల్లో పెట్టి మూత బిగించకపోతే సంచీకి చిల్లు పెట్టేస్తాయి.

తిని వాగు పక్కన కూచున్నప్పుడు మా పదకొండేళ్ళ అమ్మాయి అడిగింది. "నాన్నా, పేరు గార్డెన్స్ అంటున్నారు, మరి గార్డెన్ ఏది?"

చెట్లున్నాయి. టెంట్లు వేసుకోడానికి చదును చేసిన చోట్లున్నాయి. రేంజర్ ఇల్లుంది, టాయిలెట్లున్నాయి, పంపుహౌసుంది. తోట మాత్రం లేదు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే 1880 నుంచి మొదలుపెట్టాలి.

తోట ఎవరిదంటే

హవసుపాయ్ అంటే నీలాకుపచ్చ నీళ్ళ మనుషులు అని అర్థం. గ్రాండ్ కాన్యన్‌కి పక్కన కలిసే హవాసు కాన్యన్‌లో ఆ రంగు జలపాతాలున్నాయి. మీలో చాలామంది కంప్యూటర్ వాల్‌పేపర్‌గా వాటిని ఎప్పుడో ఒకప్పుడు పెట్టుకునే ఉంటారు. వందల ఏళ్ళుగా వీళ్ళ జీవితం ఏడాదికి రెండు భాగాలు. ఎండాకాలం లోయల్లో దిగి వాగు నీళ్ళు పారించి మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి పండించుకోవడం. పంట ఇంటికొచ్చాక, చలికాలం పైనున్న పీఠభూమి ఎక్కి వేటాడుకోవడం, పిన్యాన్ గింజలు ఏరుకోవడం. కింద పొలం, పైన అడవి. రెండూ కలిస్తేనే బతుకు. ఒకటి తీసేస్తే రెండోది నిలవదు.

మేం టెంటు వేసిన ఊట దగ్గర కూడా వాళ్ళ పొలాలే ఉండేవి. ఆ చోటుని వాళ్ళు పిలిచే పేరు హా-అ గ్యో. మేం దిగిన దారి కూడా వాళ్ళు తోటకి వెళ్ళొచ్చిన పాత కాలిబాటే.

1880లోనూ 1882లోనూ అమెరికా అధ్యక్షులు వీళ్ళకి రిజర్వేషన్ గీశారు. ఈ మాటకి ఇక్కడ అర్థం వేరే అని మీకు తెలుసు, ఉద్యోగాల కోటా కాదు, నివాసానికి గీసిన గీత. 1882లో ఖాయమైన కొలత 518 ఎకరాలు. అంటే సుమారు 2 చదరపు కిలోమీటర్లు. హవాసు కాన్యన్ అడుగున ఉన్న ఊరూ, దాని పొలాలూ, అంతే. ఎండాకాలపు సగాన్ని (అందులోనూ కొంచెమే) కాగితం మీద రాసి, చలికాలపు సగం మొత్తాన్ని వదిలేశారు.

వదిలేసిన ఆ భూమి ఊరికే లేదు. 1893లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ దాన్ని ఫారెస్ట్ రిజర్వ్ చేశాడు. 1901లో సౌత్ రిమ్ దాకా శాంటాఫే రైలొచ్చింది. 1905లో ఎల్ టోవర్ హోటల్ తెరిచారు. 1903లో కాన్యన్ అంచున నిలబడి థియోడర్ రూజ్‌వెల్ట్ ఒక ప్రసంగం చేశాడు. దీన్ని ఉన్నదున్నట్టు వదిలెయ్యండి, మనిషి దీన్ని పాడుచెయ్యగలడేగానీ బాగుచెయ్యలేడు అన్నది దాని సారం. అప్పటికి కింద తోటలో మొక్కజొన్న పండిస్తున్న మనుషులున్నారు. ఆ మాటలోని "మనిషి" లెక్కలో వాళ్ళు పాడుచేసేవాళ్ళో, ఉన్నదున్నట్టులో భాగమో మాత్రం ఎవరూ అడగలేదు. 1908లో అదే రూజ్‌వెల్ట్ దాన్ని నేషనల్ మాన్యుమెంట్ చేశాడు. 1919 ఫిబ్రవరి 26న విల్సన్ సంతకంతో నేషనల్ పార్క్ అయింది.

ఆ 1919 చట్టంలో ఒక క్లాజుంది, సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మనకి బాగా అర్థమవుతుంది. పార్కులో ఉన్న ఇతర భూముల్లో హవసుపాయ్ వ్యక్తులు వ్యవసాయం చేసుకోడానికి, ఇంటీరియర్ శాఖ కార్యదర్శి "తన విచక్షణ మేరకు" అనుమతి ఇవ్వచ్చు. ఇవ్వాలి అని కాదు, ఇవ్వచ్చు. తెగకి కాదు, వ్యక్తులకి. యాక్సెస్ కంట్రోల్ భాషలో చెప్పాలంటే ఓనర్‌ని యూజర్‌గా మార్చారు, ఆ యూజర్ పర్మిషన్ అడ్మిన్ ఇష్టానికి వదిలేశారు. తర్వాత ఏమవుతుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు.

ఒకే ఏడాది మూడు సంగతులు

ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. పేరు రాల్ఫ్ కామెరాన్. 1890 ప్రాంతంలో ఈయనా, ఇంకొందరూ కలిసి హవసుపాయ్‌ల కాలిబాటని వెడల్పు చేసి, అది తమదే అన్నారు. దిగేవాళ్ళ దగ్గర తలకి ఒక డాలర్ టోల్ వసూలు చేశాడు. ఎక్కడెక్కడ టూరిస్టులు ఆగుతారో సరిగ్గా అక్కడ గనుల క్లెయిములు వేశాడు. ఊట దగ్గర తోటలో కూడా. అక్కడ ఖనిజం ఉందా అంటే, టూరిస్టుల జేబులే ఆ ఖనిజం.

ప్రభుత్వం ఆయన్ని కదిలించడానికి ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. 1920లో సుప్రీంకోర్టు ఆయన క్లెయిము చెల్లదని తీర్పిచ్చింది. అయినా కదల్లేదు సరికదా, 1921 నుంచి 1927 దాకా అరిజోనా తరఫున సెనేటర్‌గా కూచున్నాడు. చివరికి 1928లో ట్రెయిల్ కౌంటీ చేతిలోంచి పార్కు చేతికి వచ్చింది, టోల్ పోయింది. అది మొదటి సంగతి.

రెండోది. అదే 1928లో కొలరాడో నది మీద కైబాబ్ వేలాడే వంతెన పూర్తయింది. దాని ముఖ్యమైన ఇనప కేబుళ్ళు ఒక్కొక్కటి 550 అడుగుల పొడవు, ఇంచుమించు టన్ను బరువు. మెలికల దారిలో కంచర గాడిదల మీద దింపడం కుదిరే పని కాదు. అందుకని 42 మంది మనుషులు వరసగా నిలబడి, ఒక్కో కేబుల్‌ని భుజాల మీద మోసుకుంటూ నది దాకా నడిచారు. వాళ్ళలో ఎక్కువమంది హవసుపాయ్‌లు. ఈ రోజుకీ రిమ్ నుంచి రిమ్‌కి నడిచే హైకర్లు ఆ వంతెన మీదుగా పోతుంటారు.

మూడోది. అదే 1928లో ఊట దగ్గర తోటలో మిగిలిన ఆఖరి హవసుపాయ్ నివాసిని, కెప్టెన్ బర్రో అని పిలిచే పెద్దాయన్ని, పార్కు సర్వీసు బలవంతంగా పంపించేసింది.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. దొంగ క్లెయిములు వేసినవాడికి సుప్రీంకోర్టు దాకా విచారణ, మధ్యలో సెనేట్ సీటు. పార్కుకి వంతెన మోసినవాళ్ళ తెగలో పెద్దాయనకి బయటికి దారి. ఆయన వ్యవసాయం చేసేవాడు, గని తవ్వలేదు, టోల్ వెయ్యలేదు. ఆయన దగ్గర లేనిది ఒక్క కాగితమే.

నాలుగేళ్ళకి, అంటే 1932లో, ఆ ఊట నీళ్ళని పైకి తోడే పంపులు పెట్టారు. అంతకు ముందు పైనున్న హోటళ్ళకి నీళ్ళు రైల్లో తెచ్చుకునేవాళ్ళు. 1970 నాటికి అవతలి గోడలోని రోరింగ్ స్ప్రింగ్స్ నుంచి పైపు వేసి ఆ నీళ్ళని ఇక్కడి దాకా తెచ్చి, ఇక్కడి నుంచి సౌత్ రిమ్‌కి ఎక్కించారు. ఎడారిలో నీరున్నచోటే ఊరుంటుంది. ఊరిని తీసేసి నీటిని ఉంచుకున్నారు.

మా అమ్మాయికి ఇదంతా ఓ పావుగంటలో చెప్పాను. అంతా విని, "మరి మనకి పర్మిట్ ఎలా ఇచ్చారు?" అంది.

మనుషులు లేని అడవి అనే ఐడియా

ఆ ప్రశ్న చిన్నపిల్లదే అయినా, ఎంతోమంది పండితులు పుస్తకాలు రాసింది దీనిమీదే. మనం ఒక రాత్రి ఉండి, చెత్త మూటగట్టుకుని తిరిగొచ్చేవాళ్ళం. అలాంటివాళ్ళు పార్కుకి సరిపోతారు. ఉండిపోయేవాళ్ళు సరిపోరు. ప్రకృతి అంటే మనిషి చెయ్యి పడనిది, అక్కడ మనిషి అతిథి మాత్రమే అనే ఊహ మీద అమెరికా నేషనల్ పార్కులు నిలబడ్డాయి. యెల్లోస్టోన్ (1872) దగ్గర్నుంచి యోసెమిటీ దాకా ఇదే వరస. ముందు అక్కడున్న తెగల్ని బయటికి పంపడం, తర్వాత "ఎవరూ తాకని" నేల అని బోర్డు పెట్టడం. విలియం క్రోనన్ అనే చరిత్రకారుడు 1995లో ఒక వ్యాసంలో ఈ ఊహని విప్పి చూపించాడు. అంతకు ఆరేళ్ళ ముందే, 1989లో, మన రామచంద్ర గుహ ఈ అమెరికన్ మోడల్ని ఇండియాకి తెస్తే దెబ్బ తగిలేది అడవిని నమ్ముకున్న పేదలకేనని, పులుల పేరుతో అది జరుగుతోందని రాశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పార్కు లేకపోతే ఏమయ్యేది? కామెరాన్ లాంటివాళ్ళ చేతుల్లో ఆ అంచు అంతా హోటళ్ళు, టోల్‌గేట్లు అయ్యేది. 1960ల్లో కాన్యన్‌లో రెండు డ్యాములు కట్టాలని ప్లాన్లు వేస్తే, సియెర్రా క్లబ్ లాంటి సంస్థలు ముందు నిలబడి పోరాడాయి కాబట్టే ఆగాయి. పార్కులు చేసిన మేలు చిన్నదేం కాదు. నా గొడవ పార్కు ఉండటంతో కాదు. పార్కు ఉండాలంటే ఊరు పోవాల్సిందే అనే లెక్కతో.

1975లో లెక్క తేలింది

ఆ లెక్క తప్పని తేల్చే ప్రయోగం ఒకటి నిజంగానే జరిగింది. హవసుపాయ్‌లు దశాబ్దాల తరబడి అర్జీలు పెట్టి, వాషింగ్టన్ చుట్టూ తిరిగి, 1970ల్లో తమ పీఠభూమి తమకివ్వమని గట్టిగా అడిగారు. వాళ్ళకి అడ్డం నిలబడింది ఎవరనుకున్నారు? డ్యాముల్ని ఆపిన సియెర్రా క్లబ్బే. పార్కు భూమి ఒకసారి ఇవ్వడం మొదలుపెడితే దానికి అంతుండదని, వ్యాపారాలు వెలుస్తాయని వాళ్ళ భయం. తెగ వైపు నిలబడినవాళ్ళలో అరిజోనా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ ఉన్నాడు. రాజకీయాల్లో ఆయన ఎంత కుడివైపు మనిషో అమెరికా చరిత్ర కాస్త తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎవరు ఎవరి వైపో జెండా రంగు చూసి చెప్పలేమనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

1975 జనవరి 3న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టాడు. లక్షా 85 వేల ఎకరాలు తెగకి తిరిగొచ్చాయి. ఇంకో 95,300 ఎకరాలు పార్కులోనే ఉంటూ వాళ్ళు సంప్రదాయంగా వాడుకోడానికి వీలున్న భూములయ్యాయి. షరతులు బోలెడు: పెద్ద ఎత్తున గనులు, కలప వ్యాపారం, పరిశ్రమలు ఉండకూడదు. తమ భూమిని తామే తీసుకోడానికి ఇన్ని షరతులకి ఒప్పుకోవాల్సి రావడం వేరే బాధ.

ఇంచుమించు యాభై ఏళ్ళు గడిచాయి. ఆకాశం విరిగి పడలేదు. ఆ పీఠభూమి ఇప్పటికీ ఎక్కువభాగం పిన్యాన్, జూనిపర్ చెట్ల నేలే. వాళ్ళ ఊరు సుపాయ్‌కి ఇప్పటికీ రోడ్డు లేదు. ఎనిమిది మైళ్ళు నడవాలి, ఉత్తరాలు కంచర గాడిదల మీద వెళతాయి. జలపాతాలు చూడ్డానికి వెళ్ళే టూరిస్టుల పర్మిట్లు తెగే ఇస్తుంది, డబ్బులు తెగకే పోతాయి.

అయితే 1975లో తిరిగొచ్చిన దాంట్లో మేం టెంటు వేసిన తోట లేదు. అది పార్కులోనే ఉండిపోయింది. దానికి పేరు ఒక్కటే తిరిగొచ్చింది, అదీ 2022లో. 2023 మేలో కొత్త పేరు పెట్టుకున్న వేడుకకి కెప్టెన్ బర్రో వారసులు వచ్చారు. పేరుతో భూమి రాదు, నిజమే. కానీ ఇండియన్ అంటే ఎవరైనా కావచ్చు, హవసుపాయ్ అంటే ఫలానావాళ్ళు. ఎప్పుడో ఉండి మాయమైనవాళ్ళు కాదు, పక్క లోయలో ఇప్పుడూ ఉన్నవాళ్ళు. పాత పేరు చూస్తే "ఎవరిది" అన్న ప్రశ్నే రాదు. మా అమ్మాయి అడిగిందంటే బోర్డు మీద కొత్త పేరు ఉంది కాబట్టే.

నీళ్ళలో యురేనియం

ఆదివారం తెల్లవారుజామున ప్లేటో పాయింట్ దాకా నడిచి కింద నదిని చూసి, పైకి ఎక్కడం మొదలుపెట్టాం. బయల్దేరే ముందు మ్యాపు చూస్తూ మా బావమరిది, ఈసారి పడమటి వైపు హార్న్ క్రీక్‌కి వెళదామన్నాడు. వెళ్ళచ్చు. కానీ ఆ వాగు నీళ్ళు తాగొద్దని పార్కు వాళ్ళే హెచ్చరిస్తారు, రేడియోధార్మికత వల్ల. ఎడారిలో నీరు కనబడీ తాగకూడని పరిస్థితి.

కారణం పైనే ఉంది. రిమ్ మీద ఆర్ఫన్ మైన్ అనే గని ఉండేది. 1893లో రాగి కోసం వేసిన క్లెయిము. పార్కు కంటే ముందే పుట్టింది కాబట్టి పార్కు మధ్యలో ప్రైవేటు ఆస్తిగా నిలిచిపోయింది. 1956 నుంచి 1969 దాకా అందులోంచి యురేనియం తవ్వారు. మీరు ఇంకోసారి చదవండి: పార్కు నడిమధ్యలో 1969 దాకా యురేనియం గని. మొక్కజొన్న వేసుకున్న బర్రో మాత్రం 1928లోనే బయటికి.

ఆ గొడవ ఇంకా అవలేదు. 2012లో ఒబామా ప్రభుత్వం కాన్యన్ చుట్టూ పది లక్షల ఎకరాల పైచిలుకు భూమిలో కొత్త గనుల క్లెయిముల్ని 20 ఏళ్ళపాటు ఆపింది. 2023 ఆగస్టు 8న బైడెన్ అక్కడే సుమారు 9 లక్షల 17 వేల ఎకరాల్ని కొత్త నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించాడు. దాని పేరులో సగం హవసుపాయ్, సగం హోపీ భాష: బాజ్ న్వావ్‌జో ఇతా కుక్వేని. ఆదివాసులు తిరుగాడే చోటు, మా పూర్వీకుల అడుగుజాడలు అని అర్థం. కానీ పాత క్లెయిములు చెల్లుతాయి. అందువల్ల సౌత్ రిమ్‌కి 10 మైళ్ళ లోపున్న ఒక గనిలో 2023 చివర్లో యురేనియం తవ్వకం మొదలైంది. నీళ్ళకి ఏ ముప్పూ లేదని కంపెనీ అంటుంది. భూగర్భంలోంచి వచ్చే ఊట మీదే బతికే హవసుపాయ్‌లు నమ్మట్లేదు. హార్న్ క్రీక్ చూసినవాళ్ళని నమ్మమని ఎలా అడుగుతాం?

ఇక నల్లమల

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? ఇప్పుడు పేర్లు మార్చి చదవండి.

లోయకి బదులు నల్లమల. వాగుకి బదులు కృష్ణ. హవసుపాయ్‌లకి బదులు చెంచులు. తేనె, దుంపలు, జిగురు, వేట మీద బతికిన జనం. వాళ్ళ చిన్న చిన్న ఊళ్ళని పెంటలంటారు. 1940లో హైమెండార్ఫ్ వాళ్ళ మధ్య తిరిగి, 1943లో వాళ్ళమీద పుస్తకం వేశాడు. మన కథల్లో వాళ్ళకి లోటేం లేదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి వాళ్ళకి అల్లుడు. ఏటా పార్వేట ఉత్సవంలో స్వామి ఊరూరా తిరిగొస్తాడు. శ్రీశైలం మల్లన్న వాళ్ళకి చెంచు మల్లయ్య. దేవుడికి పిల్లనిచ్చిన వాళ్ళం అని చెప్పుకునే జనానికి ఆ దేవుడి అడవిలో హక్కుందా అంటే మాత్రం ఫైలు చూడాలి.

1978లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చింది. 3,568 చదరపు కిలోమీటర్ల నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపున్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. కోర్ ఏరియాలోంచి తరలిపోయే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ 10 లక్షలుండేది, 2021లో 15 లక్షలు చేశారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా ఎవర్నీ కదల్చకూడదు. అంటే బర్రోకి 1928లో లేని కాగితం చెంచులకి కనీసం చట్టంలో ఉంది. చట్టంలో ఉన్నది పెంట దాకా వచ్చిందా అన్నదే ప్రశ్న.

ఇక యురేనియం. 2019 మేలో అమ్రాబాద్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి కేంద్రంలోని అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. గోల మొదలైంది. సినిమావాళ్ళు, కవులు, విద్యార్థులు, మన ఐటీ జనం కూడా "సేవ్ నల్లమల" అని ప్రొఫైల్ ఫోటోలు మార్చుకున్నారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మంచిదే. కానీ అప్పటి పోస్టర్లు గుర్తు తెచ్చుకోండి. నాకు కనబడ్డ వాటిల్లో పులి ఉంది, జలపాతం ఉంది, పచ్చటి కొండ ఉంది. చెంచు మనిషి ఏ మూలో ఒకచోట, విల్లు పట్టుకుని, అడవికి అలంకారంలాగా. అడవిని కాపాడాలన్నాం. ఎవరి కోసం, ఎవరితో కలిసి అన్నది పోస్టర్లో పట్టలేదు.

"అయితే పులులేం కావాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పులికి అలజడి లేని చోటు కావాలి, నిజం. కొన్ని కుటుంబాలకి బడి, ఆసుపత్రి దగ్గరగా ఉండే ఊరే నచ్చచ్చు, తామే వెళతామనచ్చు. అదీ నిజమే, వాళ్ళని అడవిలోనే ఉండమనడానికి మనమెవరం? నేననేది ఒకటే. ముందు అడగాలి, కాదంటే ఆగాలి. పెంటల్లో వందల ఏళ్ళు మనుషులున్నప్పుడు కూడా నల్లమలలో పులులున్నాయి. పులులు తగ్గింది వేటగాళ్ళ తుపాకులతో, నరికివేతతో, డ్యాములతో, రోడ్లతో. ఇవేవీ చెంచులు తెచ్చినవి కావు. మరి పరిష్కారం పేరు చెప్పగానే మొదట ఖాళీ చెయ్యాల్సిన జాబితాలో వాళ్ళే ఎందుకుంటారు? కామెరాన్‌తో కొట్లాడ్డం కష్టం, బర్రోని పంపడం తేలిక. అందుకే.

మీరెవరైనా కాన్యన్‌లోకి దిగాలనుకుంటే శుభ్రంగా వెళ్ళండి. అక్కడి నీళ్ళ పైపు మారుస్తున్నారు, ట్రెయిల్లో కొన్ని భాగాలు, క్యాంప్‌గ్రౌండ్లు అప్పుడప్పుడూ మూసేస్తుంటారు కాబట్టి పార్కు వాళ్ళ సైటు చూసుకుని బయల్దేరండి. అక్టోబర్ మంచిది. పిల్లలకి ఆ తోట పేరు, దాని పాత పేరు, ఈ పేరు ఎందుకొచ్చిందో చెప్పండి. వాళ్ళకి మనకంటే తొందరగా అర్థమవుతుంది.

వచ్చే డిసెంబర్లో ఇండియా వెళితే మన్ననూరులో కాటేజీ తీసుకుని, ఫర్హాబాద్ సఫారీకి కూడా వెళ్ళండి. తోడొచ్చే గైడు చెంచు కుర్రాడే కావచ్చు. పులి కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు, మీరూ అడగండి. దాంతోపాటు మీ పెంట ఎక్కడ, ఇప్పుడు అక్కడ ఎవరున్నారు అని కూడా అడిగి చూడండి.